బెంగళూరు చలిలో 74, తిరుపతి ఎండలో 90

తిరుపతి నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. వయసు 26. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి స్టూడియోలకు ఇవ్వడం ఆయన పని. కరకంబాడి రోడ్డు వైపు సొంత ఇల్లు, మేడ మీద ఒకే గది. దానికి పడమటి గోడ, నెత్తిన డాబా. ఆఫీసూ అదే, పడకా అదే.

బెంగళూరులో ఉండే బావగారు సంక్రాంతికి వస్తూ ఆయనకో కంప్యూటర్ తెచ్చి ఇచ్చారు. సామాన్లు తానే కొని, తన ఇంట్లోనే బిగించి, పరీక్ష చేసి మరీ తెచ్చారట. రైజెన్ 7 5800ఎక్స్ ప్రాసెసర్, దాని మీద వేడిని లాగే ఒక మోస్తరు టవర్ కూలర్ (రేకుల దిమ్మ, దానికో ఫ్యాన్), ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు. ముందూ పక్కనా గాజు పలకలున్న నల్ల క్యాబినెట్. ముందు మూడు రంగుల లైట్ల ఫ్యాన్లు, వెనక ఒకటి. ఊళ్లో స్నేహితులు చూడ్డానికి వచ్చేంత ముచ్చటగా ఉందట.

మార్చి దాకా బాగానే నడిచింది. ఇప్పుడు రెండర్ (ఎడిట్ చేసినదాన్ని పూర్తి వీడియో ఫైలుగా మార్చే పని) పెట్టిన పది నిమిషాలకే ప్రాసెసర్ 90 డిగ్రీలకు చేరి అక్కడే కూర్చుంటోంది. గంటలో అయ్యే పని గంటన్నర పడుతోంది. పైగా రెండుసార్లు, ఏ హెచ్చరికా లేకుండా మొత్తం ఆగిపోయింది. అసలే ముహూర్తాల సీజన్, స్టూడియోవాళ్లు ఫోన్ల మీద ఫోన్లు. బావకు చెబితే, "నా దగ్గర 74 దాటలేదే, నువ్వేదో సెట్టింగ్ మార్చి ఉంటావు" అని జనవరిలో తీసిన స్క్రీన్‌షాట్ పంపారు. క్యాబినెట్‌కు చిల్లులు కొట్టిస్తానంటే వాళ్లమ్మ, "అల్లుడు తెచ్చిన వస్తువును కోస్తావా" అని ఒప్పుకోవడం లేదు. నాన్నేమో, "మూత తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టు, ఇంతదానికి ఇంత గలాటా ఎందుకురా" అంటున్నారు. చేతిలో 6,000 రూపాయలున్నాయి. కొత్త క్యాబినెట్ కొనాలా, ఉన్నదాన్ని కోయించాలా, లిక్విడ్ కూలర్ పెట్టాలా అన్నది ప్రశ్న. "బావ నొచ్చుకుంటే మాటలు పడేది అక్క. ఈ టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు" అని ముగించారు.

మధ్యలో, మాటల్లో మాటగా ఇంకో సంగతి రాశారు. కంప్యూటర్ టేబుల్ కింద చెక్క అరలో దాన్ని పెట్టారట. అరకు గీతలు పడకుండా అమ్మ పాత టవలు మడిచి కింద పరిచారట.

సమాధానం:

ముందు బావగారి స్క్రీన్‌షాట్ సంగతి తేల్చుకుందాం. ఆయన చెప్పింది అబద్ధం కాదు. మీరు చెప్పేదీ అబద్ధం కాదు.

ప్రాసెసర్‌ను చల్లబరిచేది గది గాలే. ఎంత ఖరీదైన ఫ్యాన్ పెట్టినా గది గాలికన్నా చల్లగా చేయలేదు. గదికీ ప్రాసెసర్‌కీ మధ్య ఉండే తేడాను తగ్గించడం వరకే దాని పని. జనవరిలో బెంగళూరు ఇంట్లో గది 24 డిగ్రీలు ఉందనుకోండి. ప్రాసెసర్ 74. తేడా 50. అదే పెట్టెను, అదే పనితో, మధ్యాహ్నం 39 డిగ్రీలున్న మీ మేడ గదిలో పెడితే 39కి 50 కలపాలి, 89. ఎవరూ ఏ సెట్టింగూ మార్చనక్కర్లేదు. మన ఊళ్లో మే నెలలో బయట 40 దాటడం మామూలే, డాబా కింద గది రాత్రి పదింటిక్కూడా పొయ్యిలా ఉంటుంది. మీ ప్రాసెసర్‌కు తయారీదారు పెట్టిన గరిష్ఠ హద్దు 90. అక్కడికి చేరగానే కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది. గంట పని గంటన్నర కావడానికి కారణం అదే.

కాబట్టి బావగారితో మాట్లాడేటప్పుడు "మీ క్యాబినెట్ బాగాలేదు" అనే అవసరమే లేదు. "బావా, మీ గదికీ నా గదికీ 15 డిగ్రీల తేడా ఉంది" అంటే చాలు. ఇది ఆయన్ను బుజ్జగించడానికి చెప్పే మాట కాదు, ఉన్న లెక్క.

అయితే ఆ క్యాబినెట్‌లో తప్పేమీ లేదని కూడా అనను. మీ పెట్టె ఎంత వేడి పుట్టిస్తుందో చూడండి. ఆ ప్రాసెసర్ పూర్తి పనిలో 142 వాట్ల దాకా తీసుకుంటుంది. గ్రాఫిక్స్ కార్డు 170 వాట్లు. రెండూ కలిసి పనిచేస్తే 300 దాటుతుంది. పాతకాలపు వంద వాట్ల పసుపు బల్బులు మూడు ఒక పెట్టెలో వెలిగించి మూత వేసినట్టు. లోపలి గాలి గది గాలికన్నా 10 డిగ్రీలకు మించి వేడెక్కకూడదంటే సెకనుకు సుమారు 26 లీటర్ల గాలి ఆ పెట్టెలోకి వచ్చి పోతుండాలి. ఎదురుగా ఏ అడ్డూ లేకపోతే ఒక మంచి 120 ఎంఎం ఫ్యాన్ దాదాపు అంత గాలి తోస్తుంది. మీకు ముందే మూడున్నాయి. మరి లోటెక్కడ?

స్కేలు తీసుకుని గాజు పలకకూ క్యాబినెట్ చట్రానికీ మధ్య పక్కల ఉన్న సందును కొలవండి. ఇలాంటి క్యాబినెట్లలో చాలావాటికి అది సెంటీమీటరు దగ్గర్లో ఉంటుంది. 40 సెంటీమీటర్ల పొడవు, రెండు పక్కలా కలిపి 80 చదరపు సెంటీమీటర్లు. మూడు ఫ్యాన్ల నోళ్లు కలిపితే 300 దాకా వస్తాయి. మూడు వందలు కావలసినచోట ఎనభై. మూసిన ముక్కుతో అలిపిరి మెట్లెక్కినట్టుంటుంది ఆ ఫ్యాన్ల పరిస్థితి. వేగం పెంచితే మోత పెరుగుతుంది తప్ప గాలి పెద్దగా పెరగదు.

ఇప్పుడు ఆ టవలు.

ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి సామానుకు కరెంటు అందించే డబ్బా, మీ క్యాబినెట్‌లో అడుగున, వెనకవైపు ఉండి ఉంటుంది. ఈ రకం వాటిలో దాని ఫ్యాన్ సాధారణంగా కిందికి చూస్తూ అడుగు జాలీలోంచి గాలి పీల్చుకుంటుంది. క్యాబినెట్ కాళ్లు ఒకటి, రెండు సెంటీమీటర్లకు మించవు. వాటి కింద మడిచిన టవలు పరిస్తే ఆ జాలీకి గుడ్డ కట్టినట్టే. ప్రాసెసర్ వేడెక్కితే ముందు నెమ్మదిస్తుంది, అది మీరు చూస్తూనే ఉన్నారు. హెచ్చరిక లేకుండా ఠక్కున ఆగిందంటే నా అనుమానం ముందు ఎస్‌ఎంపీఎస్ మీదికే పోతుంది. లోపల వేడి హద్దు దాటితే తనను తాను ఆపుకునే ఏర్పాటు మంచి ఎస్‌ఎంపీఎస్‌లలో ఉంటుంది. టవలు తీశాక కూడా ఆగితే మాత్రం దాన్ని విడిగా పరీక్ష చేయించండి, ఆ జబ్బు వేరు. అమ్మగారికి గీతల భయం ఉంటే నాలుగు కాళ్ల కిందా నాలుగు రబ్బరు ముక్కలు అతికించండి. పాత హవాయి చెప్పు కోసినా సరిపోతుంది.

ఇక చెక్క అర. వెనక ఫ్యాన్ వదిలిన వేడి గాలి అర వెనక పలకకు తగిలి పక్కల నుంచి ముందుకు వస్తుంది, ముందు ఫ్యాన్లు మళ్లీ దాన్నే పీల్చుకుంటాయి. అంటే మీ కంప్యూటర్‌కు గది ఉష్ణోగ్రత 39 కాదు, 45 కావచ్చు. ఆ అరలు తెల్లటి పాత కంప్యూటర్ల కాలంలో, పెట్టె మొత్తం నూరు వాట్లు కూడా తినని రోజుల్లో మొదలయ్యాయి. వడ్రంగులు ఇప్పటికీ అదే కొలతతో చేస్తున్నారు.

అందువల్ల రూపాయి తీయకముందు ఒక సాయంత్రం పరీక్షలకు కేటాయించండి. గదిలో గోడ థర్మామీటర్ ఒకటి పెట్టుకోండి. ఒకే ప్రాజెక్టును, ఒకే ఇరవై నిమిషాల రెండర్‌ను నాలుగుసార్లు నడపండి. మొదట ఇప్పుడున్నట్టే. రెండోసారి అరలోంచి బయటికి తీసి, టవలు లేకుండా, గోడకు జానెడు దూరంలో స్టూలు మీద పెట్టి. మూడోసారి ముందు గాజు పలక కూడా తీసేసి. నాలుగోసారి పక్క గాజూ తీసి. ప్రతిసారీ ప్రాసెసర్ అంకె, కార్డు అంకె, గది అంకె రాసుకుని, మొదటి రెండింట్లోంచి గది అంకె తీసేయండి. ఎంత వేగంతో నడుస్తోందో కూడా రాయండి. 90 దగ్గర నిలిచిపోయినప్పుడు మేలు ఉష్ణోగ్రతలో కనిపించకుండా వేగంలో కనిపించవచ్చు. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ ఇవన్నీ చూపిస్తుంది.

అదే సమయంలో అగరుబత్తి వెలిగించి ఒక్కో ఫ్యాన్ ముందూ కాస్త దూరంగా పట్టుకుని పొగ ఎటు పోతోందో చూడండి. ముందు మూడూ లోపలికి లాగాలి, వెనకది బయటికి తోయాలి. లైట్ల ఫ్యాన్లను అందం కోసం తిప్పి బిగించిన కేసులు నేను చాలానే చూశాను. ఫ్యాన్ మధ్య మోటారును పట్టుకుని అడ్డ కమ్మీలుండే వైపు నుంచే గాలి బయటికి వస్తుంది. ఏదైనా తిరగబడి ఉంటే నాలుగు స్క్రూలతో పని అయిపోతుంది.

ఇప్పుడు అంకెలను బట్టి దారులు. అర, టవలు తీయగానే పది డిగ్రీలు దిగితే కొనాల్సిందేమీ లేదు, ఈ సీజన్ గట్టెక్కుతారు. ముందు గాజు తీసినప్పుడే బాగా దిగితే తప్పు గాజుది. అన్నీ తీసినా ప్రాసెసర్ కొంచెమే దిగి, గ్రాఫిక్స్ కార్డు మాత్రం బాగా దిగిందా? అప్పుడు క్యాబినెట్‌ను అనవసరంగా ఆడిపోసుకుంటున్నాం. అడ్డు కూలర్ దగ్గరో, దాని కింది థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడిని కూలర్‌కు అందించే పూత) దగ్గరో ఉంది. బెంగళూరు నుంచి కారులో వచ్చిన పెట్టె కదా, కుదుపులకు కూలర్ స్క్రూలు కొంచెం వదులైనా ఆశ్చర్యం లేదు. విప్పి, పాత పేస్ట్ తుడిచి, కొత్తది రాసి బిగిస్తే కొన్ని వందల్లో అయిపోతుంది.

ఈ మూడో సంగతి ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, మీ ప్రాసెసర్‌కు వేడి ప్రాసెసర్ అనే పేరుంది. ఎనిమిది కోర్లూ (లెక్కలు చేసే భాగాలు) గోరంత చిప్‌లో ఉంటాయి, అంత చిన్నచోటు నుంచి ఆ 142 వాట్లలో ఎక్కువ భాగాన్ని బయటికి లాగడం ఏ కూలర్‌కైనా కష్టమే. ఆరు వేలూ కొత్త క్యాబినెట్‌కు పోసి, రెండర్ పెట్టి, అంకె 90 నుంచి 86కు మాత్రమే దిగితే మీరు ఏడుస్తారు. దీనికి ఒక ఖర్చులేని దారి ఉంది. బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ అవుతున్నప్పుడు తెరిచే మూల సెట్టింగుల్లో, ఎకో మోడ్ అని ఉంటుంది. 65 వాట్ల ఎకో ఎంచుకుంటే 142 వాట్ల హద్దు 88కి దిగుతుంది. వాట్లు తగ్గిన పాళ్లలోనే గదితో తేడా కూడా 50 నుంచి 30 చిల్లరకు రావాలి. కొంత వేగం పోతుంది, నిజమే. కానీ ఇప్పుడు 90 దగ్గర కొట్టుకుంటూ పోతున్న వేగం కూడా లెక్కలోకి రావాలిగా. అదే రెండర్‌ను రెండు విధాలా పెట్టి గడియారం చూడండి. నచ్చకపోతే మళ్లీ మార్చుకోవడం రెండు నిమిషాల పని.

నాన్నగారి సలహాను నేను కొట్టిపారేయను. పక్క మూత తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టడం ఈ వారం పెళ్లి వీడియో ఇవ్వాల్సిన వాడికి సరైన మందే. నెలల తరబడి అలాగే వదిలేస్తే మాత్రం దుమ్ముతోపాటు బల్లులు చేరతాయి. వెచ్చటి చోటు, పైన లైటుకు వచ్చే పురుగులు, ఇక బల్లికి అంతకన్నా మంచి ఇల్లేది! మదర్‌బోర్డు మీద రెండు కాళ్లు రెండు చోట్ల పెట్టిందంటే బల్లీ పోతుంది, బోర్డూ పోవచ్చు. ఇంకో జాగ్రత్త, నీళ్ల ఎయిర్ కూలర్‌ను మాత్రం తెరిచిన పెట్టెకు ఎదురుగా పెట్టకండి. తుంపర్లు, మన బోరు నీళ్ల ఉప్పు రెండూ లోపలికి పోతాయి.

లిక్విడ్ కూలర్ గురించి అడిగారు. అందులో నీళ్లు తిరిగినా వేడిని చివరికి రేడియేటర్ దగ్గర గది గాలికే ఇవ్వాలి. మీ క్యాబినెట్‌లో రేడియేటర్‌కు చోటు ముందువైపే అయితే అదే గాజు వెనక, అదే సెంటీమీటర్ సందులోంచి ఊపిరి పీల్చాలి. గాలి దారి బాగుచేయకుండా దాని మీద డబ్బు పెట్టకండి.

గాజే తప్పని తేలితే రెండు దారులు, కోయడం లేదా కొనడం. కోయడం అంటే గాజును కోయడం కాదు. ఆ పలక టెంపర్డ్ గాజు, డ్రిల్ బిట్టు ఆనించగానే మొత్తం గవ్వల్లా రాలిపోతుంది. ఏ అద్దాల దుకాణం అతనైనా అదే చెబుతాడు. చేయాల్సింది, ఆ పలకను అలాగే ఊడదీసి దాని స్థానంలో జాలీ పెట్టడం. చిల్లుల ఇనప షీటు హార్డ్‌వేర్ దుకాణాల్లో దొరుకుతుంది. 5 ఎంఎం చిల్లులు, ఒక చిల్లు నడిమి నుంచి పక్కదాని నడిమికి 7 ఎంఎం ఉన్న రకమైతే దాదాపు సగం ఖాళీయే. 20 సెంటీమీటర్లకు 42 ముక్కలో 380 చదరపు సెంటీమీటర్ల దారి దొరుకుతుంది. ఎనభై ఉన్నచోట మూడు వందల ఎనభై! గ్రిల్ పనివాళ్లు అంచులు మడిచి ఇస్తారు. లేదంటే నేమ్ బోర్డులు చేసే దుకాణంలో యాక్రిలిక్ పలకకు లేజర్‌తో మీకు నచ్చిన డిజైన్‌లో చిల్లులు కొట్టించవచ్చు, చూడ్డానికి ఇంకా బాగుంటుంది. వెనక సన్నటి నైలాన్ తెర అతికిస్తే దుమ్ము ఆగుతుంది, కాస్త గాలీ తగ్గుతుంది. నెలకోసారి తీసి దులపాలి. ఇందులో నాకు నచ్చే విషయం, క్యాబినెట్ మీద ఒక్క గాటు పడదు. అమ్మగారికి చూపించి చేయవచ్చు.

పైకప్పు రేకుకు కూడా ఒక చిల్లు కొట్టి వేడి గాలి పైకి పోయే ఫ్యాన్ పెట్టాలనిపిస్తే, అది నిజంగా కోయడమే, వెనక్కి తీసుకోలేరు. 120 ఎంఎం ఫ్యాన్‌కు 115 ఎంఎం గుండ్రం, స్క్రూ చిల్లుల మధ్య 105 ఎంఎం. మార్కింగ్‌కు ఫ్యాన్‌నే పెట్టి గీసుకోండి. ఒకటి మాత్రం మరవకండి, లోపలి సామానంతా, మదర్‌బోర్డుతో సహా, బయటికి తీశాకే డ్రిల్ పట్టాలి. నేను ఒకప్పుడు బద్ధకించి, మదర్‌బోర్డు మీద న్యూస్ పేపర్ కప్పి చిల్లు కొట్టాను. వెంట్రుకంత ఇనప పొడి ఎక్కడ దూరిందో తెలియదు, ఆన్ చేయగానే చిటుక్కుమంది. ఆ రోజు కూలి, ఆ నెల జీతం రెండూ పోయాయి. మీకైతే ముందు జాలీ పెట్టి వారం చూడమంటాను. పైచిల్లు అవసరమే పడకపోవచ్చు.

కొత్తది కొనడం శుభ్రమైన దారే. మీ ఆరు వేలలో ముందు మొత్తం జాలీ ఉన్న క్యాబినెట్లు దొరుకుతాయి. కొనేముందు మూడు కొలతలు కాగితం మీద రాసుకోండి: కూలర్ ఎత్తు, గ్రాఫిక్స్ కార్డు పొడవు, మదర్‌బోర్డు సైజు. ఊళ్లో రకాలు తక్కువనిపిస్తే చెన్నై రిచీ స్ట్రీట్‌కు ఒక పూట ప్రయాణం. దుకాణంలో లైట్లు చూపిస్తారు. మీరు ముందు పలక వెనక చెయ్యి పెట్టి, పలక అవతల వెలుతురు కనిపిస్తోందా అని చూడండి. ఇబ్బందల్లా ఇంట్లోనే. బావగారు దసరాకు వచ్చి తాను తెచ్చిన పెట్టె అటక మీద చూస్తే ఏ లెక్క చెప్పినా వినిపించదు. అందుకే ఆ దారి పడితే కొనేముందే చెప్పండి, కొన్నాక కాదు. పరీక్షల కాగితం ఫొటో తీసి పంపి, "ఏ మోడల్ తీసుకోమంటావు బావా?" అని ఆయన్నే అడగండి. చేతులారా బిగించిన మనిషి. అంకెలు చూస్తే ఆయనకే ఉత్సాహం వస్తుందని నా అంచనా. రాకపోయినా మీరు దాచి చేసినట్టు ఉండదు, అక్క మీదికి మాట పోదు.

గది సంగతి రెండు ముక్కల్లో. మీ గది కూడా ఒక పెద్ద క్యాబినెట్టే. తలుపులు మూసుకుని పనిచేస్తే ఆ 300 వాట్లూ గదిలోనే తిరుగుతాయి. కిటికీకి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టి, ఎదురు తలుపు కొంచెం తీసి ఉంచితే బయట చల్లబడ్డాక గది త్వరగా దిగుతుంది. పొడవాటి రెండర్లు తెల్లవారుజామున మూడింటికి మొదలయ్యేలా పెట్టుకోండి. గదిలో ఎనిమిది డిగ్రీలు తగ్గితే ప్రాసెసర్‌లోనూ దాదాపు ఎనిమిదీ తగ్గుతాయి, పైసా ఖర్చు లేదు. ఏసీ ఆలోచన మీ కోసమైతే సరే, కంప్యూటర్ కోసమైతే వద్దు.

మరో చిన్న మాట. దసరాకు ఆయుధ పూజలో కంప్యూటర్‌కు గంధం, కుంకుమ పెడతారు కదా. జాలీ వేశాక బొట్టు పక్క గాజు మీద పెట్టమనండి. ముందు పెడితే ఆ కుంకుమంతా ఫ్యాన్లు పీల్చి కూలర్ రేకుల్లో దాస్తాయి.

ఊడదీసిన ముందు గాజును మాత్రం గచ్చు మీద నిలబెట్టకండి. టెంపర్డ్ గాజు నడిమిలో గుద్దినా తట్టుకుంటుంది, మూల టైల్‌కు తగిలితే ఒక్క క్షణంలో పొడి. అమ్మగారి టవలుకు ఇప్పుడు పని దొరికింది. అందులో చుట్టి, బీరువా పైన పడుకోబెట్టండి. డిసెంబరు చలికి బావగారు వచ్చినప్పుడు మళ్లీ బిగించి చూపించవచ్చు.